ఫెలిసీకి సున్నం

క్లోటిల్డా మామ్మ సున్నం కలుపుతుంటే పక్కన నిలబడకూడదు. నిలబడితే పని చెబుతుంది. చేస్తే తప్పు పడుతుంది. తప్పు పట్టడం అయ్యాక, "పోనీలే, నీ వయసులో నేనూ ఇంతే" అని ఓ అబద్ధం ఆడుతుంది. ఆవిడ ఏ వయసులోనూ అలా లేదని మా వీధి వీధంతా సాక్ష్యం చెబుతుంది.

సున్నం ముందురోజే నానేస్తుంది. తెల్లారాక గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు. నీలిమందు ఎక్కువైతే సమాధి పెళ్లికొడుకు చొక్కాలా ఉంటుంది, తక్కువైతే ముసలాడి పళ్లలా ఉంటుంది అని ఆవిడ సిద్ధాంతం. ఈ రెండింటికీ మధ్యనున్న తెలుపు ఆవిడ కంటికి తప్ప ఎవరికీ ఆనదు.

నవంబరు మొదటి రోజు సకల పునీతుల పండగ. ఆ పొద్దున మిస్సిసిపీ ఒడ్డునున్న మా ఊళ్లన్నిటా జనం బకెట్లూ కుంచెలూ చామంతి కుండీలూ పట్టుకుని సమాధుల తోటకి బయలుదేరతారు. ఎవరి వాళ్లకి వాళ్లు సున్నం వేసుకుంటారు. పిల్లలు కలుపు పీకుతారు, మగవాళ్లు పగుళ్లు పూడుస్తారు, ఆడవాళ్లు కుంచె పట్టుకుని పోయినవాళ్ల మంచీ చెడూ మాట్లాడుకుంటారు. చెడే కొంచెం ఎక్కువ. గోరీ తెల్లబడేసరికి వాళ్ల మనసులూ తేలికపడతాయి.

మామ్మ కూడా వేస్తుంది. అయితే ఆవిడ వేసేది అత్తవారి గోరీకి. మొగుడు, అత్తా మామలు, మొగుడి తాత, అందరూ ఒకే ఇటుక గోరీలో సర్దుకుని పడుకున్నారు. వాళ్లమీద ఆవిడకి ద్వేషమేమీ లేదు. కానీ సొంత తల్లికి ఒక్క కుంచెడు సున్నం వేయలేకపోయానన్న ముల్లు మాత్రం చిన్నప్పటినుంచీ గుండెలో అలాగే ఉండిపోయింది.

ఆవిడ తల్లి పేరు ఫెలిసీ. సెంట్ ఒదీల్ తోటలో, చెరకు కూలీల లైన్లలో కాపురం. గానుగ జోరుగా ఆడే రోజుల్లో జ్వరం వచ్చి పోయింది. మామ్మ అప్పటికి నీళ్ల బకెట్టు రెండు చేతులతో మోసే పిల్ల. గానుగ కాలంలో చావుకి సెలవివ్వరు. సాయంత్రం గంట కొట్టి కూలీలని వదిలేదాకా ఫెలిసీ మంచం మీదే ఉంది. "బతికున్నన్నాళ్లూ ఆ గంటకే లేచింది, పోయిన రోజున కూడా ఆ గంట కోసమే కాసుకుంది మా అమ్మ" అంటుంది మామ్మ. ఈ మాట అనేటప్పుడు మాత్రం ఆవిడ ఎవరి తప్పూ పట్టదు.

పాతిపెట్టింది చేను చివర. లైన్లవాళ్ల సమాధులన్నీ అక్కడే ఉండేవి. చెక్క శిలువలు, చుట్టూ ఆల్చిప్పలు. తర్వాత తోట చేతులు మారింది. ఆ చివర నూనె కంపెనీ వచ్చింది. శిలువలు ఎప్పుడు పోయాయో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడక్కడ ముళ్లకంచె, దాని వెనక ఏనుగుల్లాంటి తెల్లటి ట్యాంకులు.

మామ్మ ఆడపడుచు యూజెనీ ఓసారి ఆ కంచె పక్కనుంచి వెళ్తూ అంది, "బాధపడకు వదినా, మీ అమ్మకి కంపెనీవాళ్లే సున్నం వేయించారుగా. ఎంత ఎత్తున వేశారో చూడు!"

దాని తర్వాత ఈస్టరు దాకా మామ్మ ఆవిడతో మాట్లాడలేదు. యూజెనీ దాన్నేం లెక్కచేయలేదు, రోజూ వచ్చి మామ్మ అరుగు మీదే కూర్చుని ఒక్కతే మాట్లాడుకుని వెళ్లేది.

లైన్లలో ఇళ్లు కూడా ఒక్కొక్కటే పోయాయి. కొన్ని కాలాయి, కొన్ని ఒరిగాయి. మిగిలిన ఒక్కటీ ఫెలిసీ ఇల్లు. దాన్ని మ్యూజియంవాళ్లు అడిగి తీసుకెళ్లారు. ఆ రోజు మామ్మ రోడ్డు పక్కన నిలబడి చూసింది. లారీ మీద ఇల్లు, తలుపు తెరుచుకుని, ఖాళీగా, చెరకు చేల మధ్యనుంచి మెల్లగా వెళ్లిపోయింది. అప్పటినుంచీ మ్యూజియం మాటెత్తితే చాలు, "మన లేమి చూడ్డానికి టికెట్టొకటా? కావాలంటే మా వంటింటికి రండి, ఊరికే చూపిస్తాను" అనేది. ఇంటికీ మ్యూజియానికీ గంట ప్రయాణం. అయినా ఇన్నేళ్లలో గడప తొక్కలేదు.

ఆ ఏడు పండగ ఆదివారం పడింది. పూజ అయ్యాక, సున్నాలు వేయడం అయ్యాక, ఫాదర్ చల్లగా చెప్పాడు, ముసలివాళ్లందరికీ ఆ రోజు మ్యూజియంలో టికెట్టు అక్కర్లేదని, చర్చి వ్యాను అటునుంచి అటే వెళ్తుందని.

"నన్ను ఇంటి దగ్గర దింపండి" అంది మామ్మ.

"ఇల్లు ఇటు, మ్యూజియం అటు. వ్యాను ఒక్కటే వదినా, రెండు ముక్కలు చెయ్యమంటావా?" అంది యూజెనీ, అప్పటికే కిటికీ పక్కన సీటు పట్టేసి.

"నేను నడిచి పోతాను."

"నడువు. నడిచి నడిచి పడిపోతే ఎక్కడ పాతాలో కూడా చెప్పి వెళ్లు. మా గోరీలో ఒక్కరికే చోటుంది, అది నాది."

వెనక సీట్లో ఓక్టావ్ ముసిముసిగా నవ్వాడు. ఓక్టావ్ కూడా లైన్లలో పుట్టినవాడే. నోట్లో చుట్ట ఉన్నా లేకపోయినా మాట మాత్రం ఉండదు. ఆయన నవ్వడమే వింత కాబట్టి మామ్మ వెనక్కి తిరిగి ఓ చూపు చూసి, బకెట్టు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. బకెట్లో ఇంకా నాలుగు వేళ్ల సున్నం మిగిలే ఉంది.

మ్యూజియం అంటే గోడలూ అద్దాల బీరువాలూ కాదు. పెద్ద పెద్ద ఓక్ చెట్లు, వాటినుంచి వేలాడే నాచు, చెట్ల కింద అక్కడక్కడా ఎక్కడెక్కడినుంచో తెచ్చి నిలబెట్టిన ఇళ్లు. మేస్త్రీ ఇల్లు, కమ్మరి కొలిమి, బడి, చర్చి, పంచదార వండే ఇల్లు. ఊరులా ఉంటుంది కానీ ఒక్క పొయ్యీ పొగ రాదు, ఒక్క కుక్కా మొరగదు. చూపించే మనిషి, కాపలా మనిషి, మరమ్మతులు చేసే మనిషి అన్నీ ఒక్కడే, లియాన్స్. మావైపువాడే. నెరిసిన మీసం, నడుముకి తాళాలగుత్తి.

పంచదార ఇంట్లో ఇనుప బాండీలు వరసగా ఉన్నాయి. మొదటిదాంట్లో ఓ ఆవు దూడతో సహా పడుకోవచ్చు. తర్వాతది దానికంటే చిన్నది, ఆ తర్వాతది ఇంకా చిన్నది.

"రసం మొదట ఇందులో పోసేవాళ్లు మామ్మగారూ" అన్నాడు లియాన్స్. "కాగుతుంటే మీద తెట్టు తీసి, గరిటెలతో పక్కదాంట్లోకి. అక్కణ్నుంచి ఆ పక్కదాంట్లోకి. చివరి బాండీకి వచ్చేసరికి పాకం. గానుగ కాలం మొదలైతే రాత్రీ పగలూ ఆర్పేవాళ్లు కాదు. బానిసల కాలంలో ఇక్కడ నిలబడి గరిటె తిప్పినవాళ్లలో సగంమందికి చేతులనిండా బొబ్బలే."

మామ్మ ఇలాంటి బాండీలు చూడకపోలేదు. మావైపు ఊళ్లలో వాటిలో పశువులకి నీళ్లు పోస్తారు, డబ్బున్నవాళ్లు పూలమొక్కలు పెట్టుకుంటారు. కానీ ఇలా పొయ్యిల మీద, పెద్దదాని పక్కన చిన్నది, ఒకే కుటుంబం ఫొటోకి నిలబడ్డట్టు ఎప్పుడూ చూడలేదు. బతుకంతా చెరకు నరికింది. బండికెత్తింది. బండి మలుపు తిరిగాక అదేమవుతుందో చూడ్డానికి ఆడవాళ్లని ఎవరూ రానిచ్చేవాళ్లు కాదు. ఆవిడ తల్లిని రానివ్వలేదు. అంతకు ముందు, బానిసల కాలంలో, తల్లి తల్లికి తల్లి మాత్రం ఇలాంటి చోటికి వచ్చి ఉంటుంది, వద్దన్నా రప్పించి ఉంటారు.

మామ్మ చెయ్యి చాచి పెద్ద బాండీ అంచు ముట్టుకుంది. చల్లగా ఉంది. అంత ఇనుము అంత చల్లగా ఉండటం ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి తీయకుండా అలాగే నిలబడింది, లోపల ఎక్కడో ఇంకా కాస్త వేడి మిగిలి ఉంటుందేమో, చేతికి తగులుతుందేమో అన్నట్టు.

"వదినా, ఒంట్లో బావుందా?" అంది యూజెనీ. "ఇంతసేపు నోరు మూసుకున్నావంటే నాకు భయం వేస్తోంది."

"ఎంత పెద్దవే ఇవి" అంది మామ్మ. అంతే అంది. గొంతు పూజలో ఉన్నట్టు ఉంది.

బయట చెక్క స్తంభం మీద గంట ఉంది. ఏ తోటదో రాసి ఉంది, సెంట్ ఒదీల్‌ది కాదు. అయినా దాని కింద నుంచి వెళ్లేటప్పుడు ఓక్టావ్ టోపీ తీశాడు. మామ్మ నడక వేగం పెంచింది. అది ఎప్పుడు మోగుతుందో అని కాదు. కాళ్లకి అలవాటు.

అదిగో, చెట్ల చివర ఇల్లు.

లారీ మీద చూసినప్పుడు అది దిక్కులేనిదానిలా ఉంది. ఇక్కడ, చుట్టూ గడ్డి, వెనక పొద్దు వాలుతున్న ఆకాశం, ఎవరో పెద్దమనిషి కూర్చున్నట్టు కూర్చుంది. సైప్రస్ చెక్కలు వెండిలా నెరిశాయి. నలుగురైదుగురు కొత్తవాళ్లు మెడల్లో కెమెరాలతో లోపలికి వెళ్తున్నారు. మామ్మ వాళ్ల వెనకే వెళ్లింది.

లోపల ఎవరూ మాట్లాడటం లేదు. అదే ఆవిడకి మొదట వింతగా అనిపించింది. ఈ గదిలో ఏనాడూ నిశ్శబ్దం లేదు. ఏడుగురు మనుషులు, ఒక కోడి, గోడవతలి కాపురంవాళ్ల తగువులు. ఇప్పుడు ఎక్కణ్నుంచో వచ్చిన ఓ పొడుగాటాయన, ఖరీదైన బూట్లవాడు, దూలం తగలకుండా తల వంచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్లావిడ గోడ దగ్గరగా మొహం పెట్టి చూస్తోంది. నాచు కలిపి మెత్తిన మట్టిగోడ. పైపూత రాలిన చోట, మట్టి నొక్కిన వేళ్ల గుర్తులు వరసగా కనిపిస్తున్నాయి. నాలుగు వేళ్లు, మళ్లీ నాలుగు వేళ్లు. ఎవరివో. ఫెలిసీ పుట్టకముందువి.

"మంచం మీద అంత మంచి బొంత మాకెప్పుడూ లేదు" అని యూజెనీ చెవిలో గొణిగింది మామ్మ. నవ్విద్దామనే అంది. కానీ అంటూనే ఆ మంచం వైపు మళ్లీ చూసింది. ఆ మంచం ఉన్న చోటే అమ్మ మంచం కూడా ఉండేది. గంట కోసం కాసుకున్న చోటు. ఊళ్లో ఇంత భూమి ఉండగా ఫెలిసీ ఒకప్పుడు ఇక్కడ ఉందని చెప్పడానికి మిగిలింది ఈ గదొక్కటే. జనం తలలు వంచుకుని వచ్చి చూస్తున్నారు. ఈవిడేమో టికెట్టు గురించి దెప్పుతూ ఇన్నేళ్లు ఇంట్లో కూర్చుంది.

మామ్మ గిరుక్కున తిరిగి బయటికి వచ్చేసింది.

"ఎక్కడికే?" అని యూజెనీ అడిగేలోపే వ్యాను దగ్గరికి వెళ్లి, బకెట్టు, కుంచె పట్టుకుని వెనక్కి వస్తోంది. మోకాళ్ల నొప్పులని పొద్దున ఎవరన్నారో ఏమో. ఇంటి వెనక పక్కకి వెళ్లింది. అక్కడ ఇటుక పొగగొట్టం నేలనుంచి చూరు దాటి లేచింది. మంచం సరిగ్గా దానికి అవతల పక్కన. మామ్మ శిలువ గుర్తు వేసుకుని, కుంచె ముంచి, కింది వరసనుంచి వేయడం మొదలుపెట్టింది.

రెండు వరసలు తెల్లబడేసరికి లియాన్స్ తాళాలు గలగలలాడిస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"మామ్మగారూ! అయ్యో, మామ్మగారూ, ఆగండి! ఏం చేస్తున్నారు?"

"కనిపించడం లేదా? ఇవాళ ఏ రోజు?"

"పునీతుల పండగ. నేనూ పొద్దున మా నాన్నకి వేసే వచ్చాను. కానీ ఇది సమాధి కాదండీ, మ్యూజియం!"

"నీకు మీ నాన్న ఎక్కడున్నాడో తెలుసు. అదృష్టవంతుడివి" అంది మామ్మ, కుంచె ఆపకుండా. "మా అమ్మ మీద ట్యాంకు ఉంది. కంచె దాటితే కుక్కల్ని వదుల్తారు. ఈ గోడకి అవతల పోయింది మా అమ్మ. ఇంకెక్కడ వెయ్యను? నువ్వు చెప్పు బాబూ, చెబితే అక్కడే వేస్తాను."

లియాన్స్ మీసం నిమురుకున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాలా వద్దా అని చూస్తుండగానే మ్యూజియం మేనేజరమ్మ వచ్చింది. ఆవిడ మంచి మనిషే, చెడ్డ మనిషైతే మామ్మకి పని సుళువయ్యేది. ఆవిడ అరవలేదు. అంతా విని, నొచ్చుకుంటూ చెప్పింది.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఇవాళ మీకు ఒప్పుకుంటే రేపు ఇంకొకరు రంగు డబ్బా తెస్తారు. ఇంత పాత కట్టడం మీద మేమే ఏదీ పూయకుండా కాపాడుతున్నాం. దయచేసి ఆపండి. ఇది కడిగించాలి."

మామ్మ కుంచె బకెట్లో పెట్టింది. 

"పొగగొట్టం పాతది కాదండీ" అన్నాడు లియాన్స్, మెల్లగా. "పాతదాని ఇటుకలు లారీ మీద రావని దాన్ని అక్కడే కూల్చేశారు. ఇది ఇక్కడ నేను కట్టిందే. ఇటుక కూడా వేరే చోటిది."

అతను సాయం చేద్దామనే అన్నాడు. మామ్మకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. తెల్లబడిన వరసల వైపు చూసింది. అమ్మది కాదు. అమ్మ ఏనాడూ వీపు ఆనించి ఎరగని ఇటుకలు. మళ్లీ ఎవరి గోరీకో వేసింది.

"పద వ్యానెక్కుదాం" అంది, ఎవరి మొహం చూడకుండా.

అప్పుడు యూజెనీ అడ్డొచ్చింది. నడుం మీద రెండు చేతులూ పెట్టుకుంది. మా వంశంలో ఆడవాళ్లు అలా నిలబడితే పిల్లులు కూడా పక్కకి తప్పుకుంటాయి.

"ఎక్కడికి పోతావు? సగం వేసి వదిలేస్తావా? నీ పనితనం ఇంతేనా?"

"ఇటుకలు కొత్తవి, యూజెనీ. విన్లేదూ?"

"విన్నాను, నాకు చెవుడు రాలేదు. మా గోరీలో ఇటుకలు పాతవా? వరదకి ఓ పక్క పోతే మా నాన్న కట్టాడు. తుపానుకి రెండో పక్క పోతే మీ ఆయన కట్టాడు. మా తాత నాటి ఇటుక ఒక్కటుంటే చూపించు, గోరీలో నా చోటు నీకిచ్చేస్తాను. అయినా పెళ్లయిన ఏడునుంచీ ఇవాళ పొద్దుటిదాకా నీ చేత వేయించుకున్నాంగా? అప్పుడు ఇటుక వయసు అడిగావా?" ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "కుంచె తియ్యి వదినా. మీ అమ్మకి ఇటుకల లెక్క ఎందుకు? నువ్వొచ్చావని తెలిస్తే చాలు."

మామ్మ ఆడపడుచు మొహంలోకి చూసింది. ఆ మొహంలో ట్యాంకుల జోకు వేసిన మనిషి లేదు. మేనేజరమ్మ లియాన్స్‌ని అడిగింది, "నిజంగా మనం కట్టిందేనా? ఒక్క పాత ఇటుక కూడా లేదా?" లేదన్నట్టు అతను తలూపాడు. ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. "అయితే చెక్కకి తగలకుండా వెయ్యండి" అంది.

మామ్మ మళ్లీ వంగింది. ఈసారి మెల్లగా వేసింది. ఒక్కో ఇటుక అంచు పోకుండా, సందులోకి కుంచె దోపి. వేస్తూ పెదవులు కదిలించింది. దగ్గరున్నవాళ్లకి ఒక్క మాటే వినపడింది: "ఫెలిసీ."

ఆవిడ నడుం పట్టుకుని లేచేసరికి పక్కన ఓక్టావ్ నిలబడి ఉన్నాడు. చెయ్యి చాచాడు.

"మా తమ్ముడు" అన్నాడు. "ఉయ్యాల్లోనే పోయాడు. మీ అమ్మ పక్క వరసలోనే."

అన్నేళ్లుగా చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. మామ్మ కుంచె ఇచ్చింది. ఆయన ఓ ఇటుక తెల్లగా చేసి, తమ్ముడి పేరు చెప్పి, ఆయన వెనక నిలబడ్డ లూసీల్‌కి ఇచ్చాడు. లూసీల్ వాళ్ల నాయనమ్మ పేరు చెప్పింది. ఆవిడ తర్వాత ఇంకొకరు. లైన్లలో పుట్టినవాళ్లు వ్యానులో ఇంతమంది ఉన్నారని ఎవరికీ తట్టలేదు. ఒక్కొక్కరూ ఒక్కో పేరు. కొన్ని పేర్లు గొంతులోంచి సరిగా రాలేదు, పలికి చాలా కాలమైంది. సున్నం అడుగంటితే లియాన్స్ ఎవరూ చెప్పకుండానే వెళ్లి నీళ్లు తెచ్చి పోశాడు.

ఇంట్లోంచి కొత్తవాళ్లు బయటికి వచ్చి దూరంగా నిలబడ్డారు. ఆ పొడుగాటాయన కెమెరా ఎత్తబోయి, దించేశాడు. నాచు కదలడం లేదు. పొద్దు వాలి ఆ తెల్లటి ఇటుకల మీద పడితే, పొగగొట్టం కింది సగం లోపలినుంచి వెలుగుతున్నట్టు ఉంది. మామ్మ దాన్ని చూస్తూ గడ్డిలో కూలబడింది. పైకి చెయ్యి అందినంత మేరా తెలుపు. ఆ తెలుపులో ఎన్ని చేతులో. ఆవిడ చూసిన ఏ గోరీ కూడా అంత తెల్లగా లేదు, నీలిమందు కాస్త తక్కువైనా సరే.

మేనేజరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఇది కడిగించను" అంది.

"నువ్వు కడగక్కర్లేదమ్మా. వానే కడిగేస్తుంది. మార్చికల్లా ఏమీ ఉండదు."

"మరి అప్పుడు?"

"అప్పుడేముంది, పండక్కి మళ్లీ వేస్తాం. ఏటేటా వెయ్యడానికేగా సున్నం!"

మేనేజరమ్మ ఏదో లెక్కేసుకుంది. "వచ్చే ఏడు పండగ సోమవారం వస్తుంది. సోమవారాలు మాకు సెలవు, అంతా మూసి ఉంటుంది."

"గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

లియాన్స్ బకెట్టు కడుగుతున్నవాడల్లా ఆగి, మేనేజరమ్మ వైపు చూశాడు. ఆవిడ తల దించి, విననట్టే నేలమీద గడ్డి పీకుతోంది.

"నా దగ్గరే మామ్మగారూ" అన్నాడు.

"అయితే పెందలాడే వచ్చెయ్యి బాబూ" అంది మామ్మ. "ఎండెక్కితే సున్నం పట్టదు."